ఐసుకు ఊక దుప్పటి

మొన్న మాచర్ల బజారులో స్టీలు ఫ్లాస్కు ఒకటి బేరమాడుతుంటే, కొట్టు కుర్రాడు దాన్ని తిరగేసి చూపిస్తూ, దీనికి రెండు గోడలుంటాయమ్మా, మధ్యలో ఏమీ ఉండదు, గాలి కూడా లాగేస్తారు, అందుకే ఈ రేటు అన్నాడు. ఏమీ లేనిదానికి కూడా రేటు కట్టావా నాయనా అని నా అలవాటు కొద్దీ మొదలుపెట్టానే గానీ, ఆ మాట పూర్తికాకముందే ఒళ్లు జల్లుమంది. వేడి దారిని కట్టేసే ఆ విద్య మీదే ఒకప్పుడు నా అత్తవారింటి కొట్లో నా చోటు ఆధారపడి ఉండేదని గుర్తొచ్చి, అడిగినంతా ఇచ్చేసి బయటికొచ్చాను. నా జన్మలో బేరం మధ్యలో వదిలేసింది అదొక్కసారే.

నేను పుట్టి పెరిగింది నరసరావుపేటలో, కిరాణా కొట్ల మధ్య. మా ఇంట్లో పిల్లలకి అక్షరాలకంటే ముందు బేరం వచ్చేది. పదో తరగతి సైన్సులో నాకు ఒంటబట్టింది ఉష్ణం పాఠం ఒక్కటే, అదీ నా తెలివి వల్ల కాదు, వేడి అచ్చం బేరంలాంటిది కావడం వల్ల. అమ్మేవాడు కాస్త దిగుతాడు, కొనేవాడు కాస్త ఎక్కుతాడు, ఇద్దరూ ఒకచోట కుదిరాక ఆగిపోతారు. వేడీ అంతే, ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతూ పోతూ రెండూ సమానమయ్యాక ఆగుతుంది. చల్లదనమనే సరుకు విడిగా ఎక్కడా లేదని, వేడి తక్కువ కావడమే చల్లదనమని తెలిసిన రోజున ఇంటికి పరుగెత్తుకొచ్చి అందరికీ చెప్పాను. ఎవరూ కొనలేదు.

పెళ్లయి మాచర్ల వచ్చేసరికి అత్తవారిది సోడా కొట్టు. గల్లాపెట్టె దగ్గర మా అత్తగారు కూర్చునేది. నాకు ఆ కుర్చీ మీద ఎంత ఆశ ఉండేదంటే, వంటింట్లో పోపు వేస్తూ కూడా చెవి కొట్టు వైపే ఉండేది. నరసరావుపేట నుంచి లారీలో ఐసు దిమ్మలొచ్చేవి. పల్నాడు ఎండలు మా తరం వాళ్లకి చెప్పక్కర్లేదు, ఏప్రిల్ వచ్చిందంటే ఇంటి ముందు నాపరాళ్ల మీద చెప్పుల్లేకుండా అడుగు పడేది కాదు. అత్తగారు మాత్రం ఐసుని చంటిబిడ్డలా చూసుకునేది. వసారాలో నీడనున్న నాపరాయి కాలికి చల్లగా ఉంటుందని ఆ రాతి మీదే పడుకోబెట్టేది, గాలి తగలాలని తలుపులు బార్లా తీసేది, పైన గుడ్డ ముక్క కప్పనిచ్చేది కాదు. మనిషికి హాయిగా ఉన్నది ఐసుకీ హాయేనని ఆవిడ నమ్మకం. దిమ్మ మాత్రం పొద్దెక్కేసరికి సగమయ్యేది.

ఉండబట్టలేక ఒకరోజు, ఊకలో పాతేసి గోనెపట్టా కప్పుదాం అత్తయ్యా అన్నాను. ఆవిడ విస్తుపోయింది.

"ఏందే, ఈ ఎండలో దుప్పటి కప్పుతావా దానికి? ఉడికిపోద్దే!"

ఎదురు కొట్టు బాబాయి, ఆయనకి ఇలాంటివంటే పండగ, ఊరుకోకుండా, "వదినా, తిరునాళ్ల రోజు దిమ్మని చెరిసగం చేసి చూడండి, గెలిచినోళ్లదే గల్లాపెట్టె" అనేశాడు. ఆవిడ పౌరుషంగా సరేనంది. నా గుండె ఎగిరి గంతేసింది.

ముందురోజు వెనకగది రేకులకు మా ఆయన చేత సున్నం కొట్టించాను, తెల్లటి పైకప్పు ఎండని వెనక్కి తిప్పికొడుతుందని. "రేకులకి పెళ్లి చేత్తన్నావా అమ్మాయ్?" అని బాబాయి వేళాకోళం. తిరునాళ్ల పొద్దున దిమ్మని రంపంతో సమానంగా కోయించి, నా వాటాని రాతికి తగలకుండా చెక్కల మీద ఎత్తిపెట్టి, చుట్టూ మూరెడు మందాన పొడి ఊక పోసి, గాలి దూరకుండా పట్టాలు కప్పి తలుపేశాను. ఊక పొట్టు మధ్య చిక్కుకున్న గాలి కదలలేదు, కదలని గాలి వేడిని మోయలేదు. ఇదంతా పుస్తకంలో చదివిందే గానీ, ఎండ నడినెత్తికొచ్చేసరికి నా చదువు మీద నాకే నమ్మకం పోయింది. తలుపు తీసి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది, తీస్తే వేడి దూరుతుంది. అంతలో గడప కింద నుంచి సన్నగా నీటి జాలు బయటికొచ్చింది.

"కారతంది, చానా కారతంది!" అని అత్తగారు చప్పట్లు కొట్టినంత పనిచేసింది. కుర్చీ పోయింది, ఇక జన్మంతా వంటిల్లే అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా జనం దాహంతో కొట్టు మీద పడ్డారు. వసారాలో అత్తగారి వాటా కొబ్బరికాయంత మిగిలింది. బాబాయి వెనకగది తలుపు తీసి ఊక తవ్వుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. "ఓరి నాయనో!" అన్న ఆయన కేక విని తెరిస్తే, అంచులు కాస్త అరిగి, పొగలు కక్కుతూ, దిమ్మ దిమ్మలాగే ఉంది! నేను ఎగిరానట, కొత్త కోడలినన్న సంగతి కూడా మరిచి. కొట్టు ముందు జనమంతా నవ్వారట. నాకు వినబడలేదు.

అత్తగారు దగ్గరికొచ్చి ఐసు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. ఆనక నెమ్మదిగా బేరం మొదలుపెట్టింది. మధ్యాహ్నం పూట నన్ను కూర్చోమంది. మధ్యాహ్నం పిట్ట కూడా రాదు, నాకు సాయంత్రాలు కావాలన్నాను. ఆవిడ కొంచెం దిగింది, నేను కొంచెం తగ్గాను, తిరునాళ్లు అయ్యేసరికి రోజు విడిచి రోజు అని కుదిరింది. ఆ తర్వాత వచ్చేపోయే ఆడవాళ్లందరికీ, "గోనె కప్పితే చల్లదనం బయటికి పోదమ్మా" అని ఆవిడే పాఠం చెప్పేది. పోయేది చల్లదనం కాదు, వచ్చేది వేడి అని నాలుక చివరి దాకా వచ్చేది గానీ, గల్లా దగ్గర కూర్చున్నవాళ్లు గిరాకీ చెడగొట్టకూడదు కదా.

ఇప్పుడు అత్తగారు లేరు. సోడా కొట్టు చోట సెల్‌ఫోన్ల షాపు వెలిసింది, అద్దాల తలుపులు, లోపల ఏసీ. లోపలి వేడినంతా మూటగట్టి ఆ యంత్రం బయట రోడ్డు మీదికి ఊదుతూ ఉంటుంది. మొన్న ఎండలో అక్కడే నిలబడి బస్సు కోసం చూస్తుంటే ఆ వడగాలి నా వీపుకి తగిలింది. మా కాలంలో దారిన పోయేవాళ్ల కోసం కొట్టు ముందు నీళ్లు చల్లి నీడకి పందిరి వేసేవాళ్లం. వేడి ఎప్పుడూ మాయమైపోదు, చోటు మారుతుందంతే. ఎవరి వేడి ఎవరి మీదికి తోస్తున్నామో మాత్రం ఇప్పుడెవరూ తలుపు తీసి చూడటం లేదు.