మా అత్త దాచిపెట్టిన విమానం

ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మనిషి మా వీధిలోకి వచ్చి ఒక కుర్రవాడి గురించి అడిగితే, ఆ రోజుల్లో దానికి ఒకటే అర్థం. పోలీసులైతే యూనిఫారంలో వస్తారు. ఓట్లడిగేవాళ్ళు గుంపుగా వస్తారు. ఒంటరిగా వచ్చి, చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి, ఆ తర్వాత తీరిగ్గా 'ఆ అబ్బాయి ఎలాంటివాడు' అన్నాడంటే పెళ్ళి వాకబుకు వచ్చినట్టే. మదరాసు దారిలో ఉన్న గుడియాత్తంలో మా వీధి అంతా ఇళ్ళు కట్టే పనివాళ్ళం. అలాంటి మనిషి రాగానే వీధి మొత్తం ఒక్క మాట మీద నిలబడేది. ఎవరి కొడుకైనా సరే, తాగడు, పేకాడడు, పొద్దుగూకితే గడప దాటడు. రేపు తమ కొడుక్కి కూడా ఇదే అవసరం పడుతుంది కదా. దీన్ని మేము అబద్ధం అనేవాళ్ళం కాదు, సాయం అనేవాళ్ళం.

మా అత్త, అంటే మా నాయనకు అక్క, పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి ఏదైనా రాయమని ఇంట్లో పిల్లలు అడుగుతున్నారు. నాకు పొగడటం చేతకాదు. పోయినవాళ్ళ గురించి పెద్ద పెద్ద మాటలు చదివితే వాళ్ళు ఇంకా దూరమైనట్టు ఉంటుంది. అందుకని ఆమె నాకు రావాల్సిన ఉద్యోగాన్ని చెడగొట్టినంత పని చేసిన సంగతి రాస్తున్నాను. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే, భర్తలేని ఆ అత్తే నన్ను పెంచింది. మా నాయన మేస్త్రి. ప్రైవేటువాళ్ళు కూడా విమానాలు నడపవచ్చని పేపర్లలో రోజూ వస్తున్న కాలం అది. ఆ వార్తలు నేను చదివి వినిపించాను, ఆయన నమ్మాడు. మా మిద్దె మీద రెండో అంతస్తు కోసం వదిలిన ఇనుప కమ్ములు తుప్పు పట్టాయి కానీ, ఆ డబ్బుతో నా పైలట్ చదువు మాత్రం పూర్తయింది.

లైసెన్సు వచ్చింది, ఉద్యోగం రాలేదు. కొత్త కంపెనీలకు అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. అనుభవం రావాలంటే ఎవరో ఒకరు ముందు ఉద్యోగం ఇవ్వాలి. (ఈ చిక్కుముడి ఇప్పటికీ అలాగే ఉందని మా అబ్బాయి అంటున్నాడు.) ఊరికే కూర్చోలేక నాయన వెంట పనికి పోయేవాణ్ణి. విమానం నడపడం నేర్చుకుని ఇసుక జల్లించినవాడు మా జిల్లా మొత్తానికి నేనొక్కడినే అయి ఉంటాను.

ఇంతలో నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. లత్తేరి నుంచి వచ్చినవాళ్ళకు అత్త గర్వంగా పైలట్ సంగతి చెప్పింది. పెళ్ళికూతురి అవ్వ అంతా విని, "పడితే?" అని ఒక్క మాట అడిగింది. ఆ సంబంధం అక్కడితో సరి. కావేరిపాక్కం నుంచి వచ్చిన రైతులు భోజనం దాకా బాగానే ఉన్నారు. చేతులు కడుక్కునేటప్పుడు ఏరోప్లేను అంటే తమకు భయమని చెప్పి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే అత్త ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "ఇంక ఎవరన్నా వచ్చి అడిగితే మావాడు వాళ్ళ నాయన్తో మేస్త్రి పనికి పోతా ఉండాడని చెప్పండి. ఏరోప్లేను మాట ఎత్తబాకండి. పెండ్లయినాక ఎగరనీ." నా దగ్గర కూడా చేతిలో చెయ్యి వేయించుకుంది. నాకు అభ్యంతరమేమీ కనిపించలేదు. లేని విమానాన్ని దాచడానికి కష్టమేముంది?

ఆ మాటిచ్చిన కొన్నాళ్ళకే మదరాసు నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మనుషుల్ని కాక సరుకు మాత్రమే మోసే కంపెనీ. పగలంతా మూటలు పోగుచేసి రాత్రిపూట ఎగరేస్తారు. అరువు కోటు వేసుకుని పోయాను. పెద్ద పైలట్ గారు నన్ను ఎగాదిగా చూసి, "మా దాంట్లో ఎయిర్ హోస్టెసులు ఉండరు. దిగినాక నీకు నమస్కారం పెట్టేవాళ్ళు కూడా ఉండరు. పరవాలేదా?" అన్నారు. ఇసుక కూడా నాకెప్పుడూ నమస్కారం పెట్టలేదని చెప్పాలనిపించింది. పరవాలేదు సార్ అని మాత్రం అన్నాను. తర్వాత తెలియజేస్తామన్నారు. ఇలా తీసుకున్న కుర్రాళ్ళు కొందరు పని నేర్చుకోగానే మెరిసే యూనిఫారాల కంపెనీలకు పారిపోయారట. అందుకని యజమాని ఒక పెద్దమనిషిని పంపి కుర్రవాడి ఇల్లూ వాకిలీ, నడతా కనుక్కున్నాకే ఉద్యోగం ఇస్తున్నాడు. ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ పెద్దమనిషి మిలిటరీలో చేసి వచ్చినవాడు. ఆయన్ను నేను మనసులో సుబేదారు అనుకుంటాను. ఆయన ఇస్త్రీ చొక్కాతో మా వీధిలోకి వచ్చి, టీకొట్టు బల్ల మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగాడు. ఇంకేం కావాలి. తమిళంలో అడిగినవాటికి తమిళంలో, తెలుగులో అడిగినవాటికి తెలుగులో వీధి వీధంతా జవాబులు చెప్పింది. రాత్రిళ్ళు ఎలా ఉంటాడని అడిగాడు, మేలుకుని ఉండగలడా అని ఆయన ఉద్దేశం. రాత్రిళ్ళు తిరుగుతాడా అని అనుమానిస్తున్నాడని వీధి అనుకుంది. ఎనిమిదికల్లా పడుకుంటే పిడుగు పడినా లేవడని టీకొట్టాయన హామీ ఇచ్చాడు. ఎదురింటి సెంట్రింగు మామ, పెళ్ళికూతుళ్ళ తండ్రులకు ఉండే భయం తెలిసినవాడు కనుక, కుర్రవాడు గోడ పక్కన కట్టే సారవకర్రలు ఎక్కనే ఎక్కడని, ఎత్తుకు పోతే వాడికి కండ్లు తిరుగుతాయని చెప్పాడు. పక్కింటి అవ్వ, వాడు వాళ్ళత్తను వదిలి ఒక్క రాత్రి కూడా యాడా ఉండలేడని కండ్లు తుడుచుకుంది. చివరికి సుబేదారు ఉండబట్టలేక, ఆ అబ్బాయి ఏరోప్లేను నడుపుతాడని విన్నానే అన్నాడు. టీకొట్టు ముందు అందరూ నవ్వారట.

"ఎవురు సార్ మీకు చెప్పింది? మావాడికి సైకిలే సక్కగా రాదు."

(ఆ ఒక్కటి మాత్రం నిజం.)

కుర్రవాణ్ణి ఒకసారి చూడాలని ఆయన అనగానే అత్తకు సంతోషం ఆగలేదు. చీర మార్చుకుని, ఆయనతో పాటు బస్సెక్కి, పళ్ళికొండకు బయలుదేరింది. అక్కడ హైవే పక్కన ఒక హోటలు మీద మేము స్లాబు వేస్తున్నాం. స్లాబు మొదలుపెడితే ముగిసేదాకా ఆపకూడదు, మధ్యలో ఆపితే ఆ అతుకు దగ్గర నీళ్ళు కారుతాయి. కింద మిక్సరు తిరుగుతోంది, తట్టలు చేతులు మారి పైకి వస్తున్నాయి, అంచున నిలబడి అందుకునేవాణ్ణి నేను. కింద నుంచి అత్త మొహం తుడుచుకోమని సైగ చేస్తోంది. పక్కన ఇస్త్రీ చొక్కా. నాకూ అర్థమైంది, అంటే నాకూ తప్పుగానే అర్థమైంది. సుబేదారు తలెత్తి, మిక్సరు మోతను మించి, నువ్వు పైలటా అని అడిగాడు. అత్త నా వంకే చూస్తోంది.

"లేదు సార్, మేస్త్రి పని" అన్నాను.

ఆయన నా పక్కనే ఉన్న మా నాయన వైపు తిరిగాడు. నాయనకు అబద్ధం ఆడటం రాదు. అందుకని మిక్సరుకేసి చూస్తూ, ఏ పైలటు సార్ అన్నాడు. సుబేదారు చేతిలోని గొడుగును నేలకు ఆనించాడు. అప్పుడు మళ్ళీ మోతను మించి, అందరికీ వినపడేలా అడిగాడు:

"అయితే మదరాసులో కోటేసుకొని మా కంపెనీ వాళ్ళ ముందర కూర్చునింది ఎవరప్పా?"

నా చేతిలోని తట్టను పక్కవాడు లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది. ఒకరి వేషంలో ఇంకొకరు వచ్చారనో, దొంగ లైసెన్సనో ఆయన అనుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది. వేరే ఏ కంపెనీ నన్ను పిలవలేదు, పిలుస్తుందన్న ఆశ కూడా లేదు. కింద అత్త ముందుగా తేరుకుంది. పైలటే సార్, నిజంగా పైలటే అంది. సెంట్రింగువాళ్ళు, ఇసుక మోసే ఆడవాళ్ళు, మిక్సరు తిప్పేవాడు, అందరూ పనిలో పనిగా పైలటే పైలటే అని మొదలుపెట్టారు. సుబేదారు చెవులు మూసుకున్నంత పని చేశాడు. పొద్దున్నించీ ఒక ఊరు కాదంటే ఇప్పుడు ఇంకో ఊరు అవునంటోందని, తాను యజమానికి ఏమని చెప్పాలని అడిగాడు. అత్త ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీకు కూతురుంటే, రాత్రిపూట ఆకాశంలో తిరిగేవాడికి ఇస్తారా సార్? నిజం చెప్పండి."

ఆయన ఆలోచించాడు. "ఇవ్వనమ్మా."

"మరి? నేను చెప్పింది కూతురుండేవాళ్ళకి. ఉద్యోగమిచ్చే మనిషినని ముందే చెప్పుంటే ఇంకో మాదిరి చెప్పుందుము కదా. తప్పు ఎవరిది?"

తప్పు తనదేమో అన్నట్టు ఆయన మొహం పెట్టాడు. అత్త అంతటితో వదల్లేదు. ఆ ఏరోప్లేనులో జనం ఎక్కుతారా అని అడిగింది. ఎక్కరు, ఉత్త పార్శిళ్ళే అన్నాడు. ఆమె మొహం తేటపడింది. అయితే అది పడదని తేల్చింది. ఎందుకు పడదని ఆయన నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "నడిరేతిరి మూటలు మోసుకొని పొయ్యేదాన్ని ఎవరు చూస్తారు సార్, ఎవరు దిష్టి పెడతారు?" అంది.

అందరూ నవ్వుతుండగా నాయన నిచ్చెన దిగి వచ్చాడు. స్లాబు నడుస్తుండగా ఆయన కిందికి దిగడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. సిమెంటు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "సార్, వాడు పైలటే. అబద్ధం మాది, వానిది కాదు" అని మళ్ళీ పైకి ఎక్కాడు. పని ముగిశాక సుబేదారు హోటలాయన పెట్టిన బిర్యానీ మాతో పాటు కూర్చుని తిన్నాడు. వెళ్ళేటప్పుడు అత్త, ఎలాగూ వచ్చారు కదా, మీ వైపు పెళ్ళికెదిగిన పిల్లలెవరన్నా ఉన్నారా అని వాకబు చేసింది. ఆయనకు అందరూ కొడుకులేనట.

ఆ తర్వాత అత్త ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి, ఎవరొచ్చి అడిగినా ఉన్నదున్నట్టు చెప్పమంది. ఎవరూ రాలేదు. ఉద్యోగం కబురు కోసం ఎదురుచూస్తూ గడిచిన ఆ రోజుల్లో నేను అన్నానికి కూర్చుంటే ఆమె వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒక మధ్యాహ్నం, ఇంటర్వ్యూలో నేను నంబరిచ్చిన సిమెంటు కొట్టుకు ఫోను వచ్చింది, వచ్చి చేరమని. నేను ఇంటికి పరిగెత్తి చెబితే అత్త, ఆ సుబేదారు మొహం చూసినప్పుడే తనకు తెలుసునంది.

సుబేదారు నా గురించి ఏం చెప్పాడో చాలాకాలం తర్వాత పెద్ద పైలట్ గారి నోట విన్నాను. ఈ పిల్లవాడు ఇంట్లో పెద్దావిడకు ఇచ్చిన మాట కోసం చేతికొచ్చిన ఉద్యోగాన్ని కూడా కాదనుకున్నాడు, ఇలాంటివాడు మనల్ని వదిలి పోడు అన్నాడట. వచ్చినాయన కంపెనీ మనిషని తెలిసి ఉంటే అత్తకిచ్చిన మాటను మిక్సరులో పడేసి ఉండేవాణ్ణని నేను ఆయనకు చెప్పలేదు. ఎవరైనా మనల్ని మంచివాళ్ళనుకుంటే వెంటనే సరిదిద్దే అలవాటు మా వీధిలో లేదు. అయినా సుబేదారు మాట వమ్ము కాలేదు, ఆ కంపెనీ మూతపడేదాకా అక్కడే ఉన్నాను.

మదరాసు నుంచి బెంగుళూరుకు, అక్కడ నుంచి ఇంకా పైకి, కోడిపిల్లల పెట్టెలు, మందుల పార్శిళ్ళు, పొద్దున్నే అమ్మాల్సిన పేపరు కట్టలు వేసుకుని పోయేవాళ్ళం. మొదట్లో మేఘాలు లేని రాత్రి కిందికి చూసి, కొన్ని దీపాలు కనిపిస్తే అది గుడియాత్తమే అనుకుని మురిసిపోయేవాణ్ణి. (అది పక్కనున్న ఆంబూరు అయి ఉంటుంది.) నేను అలా చూస్తానని ఎప్పుడో అత్తతో అన్నాను. అప్పటి నుంచి ఆమె మిద్దె మీద పడుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి సెలవుకు ఇంటికి వెళితే, టీకొట్టు ముందు అందరిలో నన్ను నిలదీసింది. మొన్న శుక్రవారం రాత్రి పోతివి కదా, మన ఇంటిమీద చప్పుడు తగ్గించినావు, నేను పడుకొని ఉంటాననే కదా అంది. అందరూ నా వైపు చూశారు.

ఆ శుక్రవారం మా విమానం చెడిపోయి, నేను మదరాసులో గదిలో పడుకుని నిద్రపోయాను. ఇరవై మూడేళ్ళవాణ్ణి, ప్రతిదీ ఉన్నదున్నట్టు చెప్పాలని పుస్తకాలు చదివి గట్టిగా నమ్మేవాణ్ణి. అయినా ఆనాటి నేననే ఆ కుర్రవాడు టీ గ్లాసులోకి చూస్తూ, "అవునత్తా, నిద్ర చెడగొట్టకూడదని" అన్నాడు. ఆ ఒక్క జవాబుకు మాత్రం నేను ఇప్పటికీ వాడిని మెచ్చుకుంటాను.