నరసింహం మాస్టారు వేయని మార్కు

ఈ ఉదయం మా బ్యాండు సాధన గదిలో కొత్తగా చేరినతను బేస్ ట్రాంబోన్ అనే పెద్ద ఇత్తడి బూర మీద అన్నిటికన్నా కింది స్వరం పట్టాడు. కిటికీ అద్దాలు సన్నగా గుర్రుమన్నాయి. ఆ అదురు నా పక్కటెముకల్లోకి చేరేసరికి వినుకొండలో నరసింహం మాస్టారి గది గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో నేను మా మేనమామ పెళ్లి బ్యాండులో ఆ వాద్యమే వాయించేవాణ్ణి. పాటంతా క్లారినెట్‌ది, నా వంతు కింద నుంచి భోం భోం అనడమే. సైన్యం బ్యాండులో పనిచేసి రిటైరైన మాస్టారు మా వీధిలో అద్దెకు దిగారు. ఒకనాడు ఊరేగింపు ముగిశాక నన్ను ఆపి, "ఒక్కడివే ఉన్నప్పుడు ఏం వాయిస్తావు?" అని అడిగారు.

"దీనికి విడిగా పాటలేముంటాయండీ?"

"ఉన్నాయి. తక్కువ. రేపు రా."

మావయ్యకు ఆ పిలుపు నచ్చలేదు. "ఊరికే నేర్పుతానన్నాడంటే ఏదో ఉందిరా. సొంత బ్యాండు పెట్టి నిన్ను లాక్కుపోతాడు చూడు" అన్నాడు. నాకూ లోపల అదే శంక. మాస్టారిదీ తక్కువ అనుమానం కాదు. తలుపు వేశాకే వాద్యం బయటికి తీసేవారు. "మీ మావయ్య ఏమైనా కనుక్కు రమ్మన్నాడా?" అని మొదట్లోనే అడిగేశారు. పాటలనైతే అసలే నమ్మేవారు కాదు. ఏ విదేశీ రచన తీసినా, "ఇది చెల్లో కోసం రాసింది, ఇది ట్యూబాది, మనం అరువు తెచ్చుకున్నాం" అని పక్కన పెట్టేవారు. అచ్చంగా మా వాద్యానికే రాసినవి కొన్నే మిగిలేవి. అవి చాలక ఖరహరప్రియలో తానే ఒక సోలో కట్టారు. ముందుకూ వెనక్కూ జరిపే స్లైడు గొట్టం జారుతుంటే గమకం దానంతటదే పలికేది. బాగా వచ్చిందనుకుని ఆయన ముఖంలోకి చూస్తే, "నన్ను చూడకు. మొహమాటానికి తలూపుతున్నానేమో, నీకేం తెలుసు?" అనేవారు.

తర్వాతి ఏడు ఒంగోలులో ఉద్యోగమిచ్చే ఒక యూనిఫారం బ్యాండుకు ఎంపికలు జరిగాయి. సోలో తప్పనిసరి. హాల్లో అడుగుపెట్టి చూస్తే పరీక్షకుల వరుసలో మాస్టారు కూర్చుని ఉన్నారు. నాకు ముందు ఒక్క మాట చెప్పలేదు. నా వంతు రాగానే పెన్నుకు మూత పెట్టి కిటికీ వైపు తిరిగారు. ఆయన కట్టిన సోలోనే వాయించాను. సాయంత్రం జాబితాలో నా పేరు లేదు.

బస్టాండులో ఆయన్ని పట్టుకుని, "నన్ను మీరే దెబ్బ తీశారా?" అని నిలదీశాను.

"నీకు నేను మార్కే వెయ్యలేదు. నీ ఊపిరి వినగానే నా చెవి నీ పక్కకి ఒరిగిపోయింది. అలాంటి చెవిని నమ్మి ఎట్లా వేసేది?"

"ఆ ఒక్క మార్కు లేక నా ఉద్యోగం పోవాలా అండీ?"

ఆయన మా ఊరి బస్సెక్కారు. నేను వేరే బస్సెక్కి ఇంటికొచ్చాను. మావయ్య, "నేను ముందే చెప్పలా?" అన్నాడు. కొన్ని వారాలు మాస్టారి గుమ్మం తొక్కలేదు. ఒక మధ్యాహ్నం మాస్టారే మా ఇంటికి వచ్చి, మావయ్య వింటుండగానే, "ఆ సోలోలో రెండో వరుస చివర ఊపిరి దాచుకున్నావు. అది సరిచేద్దాం రా" అన్నారు. వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మరుసటి ఏడు వేరే ఊళ్లో, ఆయన లేని హాల్లో, ఎంపికయ్యాను. స్వీట్లు తీసుకుని వెళితే పొట్లం విప్పకుండానే, "ఎవరు విన్నారు?" అని అడిగారు.

"నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరండీ."

"అయితే అది నీదే" అన్నారు.

ఆయన నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. ఇవాళ్టికీ సభలో చప్పట్లు మోగితే, వాటిలో తెలిసినవాళ్ల చేతులెన్ని ఉన్నాయో లెక్కగట్టి తీసేసి, మిగిలిన శబ్దాన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకుంటాను.