మోటారు సైకిలు బండెక్కే చోటు

గిద్యోను కంపౌండరుకు ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. బాట లేని చోట మోటారు సైకిలు నడిపేవాడు. బాట బాగున్న చోట దిగి, దాన్ని ఎద్దుల బండి మీదికి ఎక్కించేవాడు. మార్కాపురం నుంచి యర్రగొండపాలెం దాకా ఈ సంగతి చెప్పుకొని నవ్వని మనిషి లేడు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. ఆ నవ్వు వెనక్కి తీసుకునే వీలుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు సంగతి ఇది. మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పచ్చరంగు మోటారు సైకిలు ఒకటి, గిద్యోను పనిచేసే మిషన్ ఆసుపత్రికి వచ్చింది. డాక్టరు దొర దాన్ని ఆయనకు అప్పగించి, ప్రతి మంగళవారం నల్లమల అంచు పల్లెలకు జ్వరం మాత్రలు తీసుకుపొమ్మన్నాడు. నేను తాలూకాలో మశూచి టీకాలు వేసేవాణ్ణి. నా దారీ అదే గనక టీకామందు పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునేవాణ్ణి. నా పేరు రామసుబ్బయ్య అయినా ఆయనకు నేను తమ్ముణ్ణి, నాకు ఆయన అన్న.

ఆయనకు యాభై దగ్గర పడ్డాయి. మనిషి సన్నం. నడపడం ఎవరూ నేర్పలేదు. పలకల గనుల దగ్గర పనికిరాని రాతిపెళ్ళలు గుట్టలుగా పోసి ఉంటాయి కదా, అడ్డదారి అని ఒకసారి ఆ గుట్ట మీదికి పోనిచ్చాడు. పైకి మోటారు సైకిలు మీద వెళ్ళాం, కిందికి రాళ్ళ మీద వచ్చాం. గనిలో ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఆయన లేచి పంచె దులుపుకుని మందు పగిలిందా అని అడిగాడు. పగల్లేదన్నాను.

"అయితే మనం పడలేదు తమ్ముడూ" అన్నాడు.

పడటం అనే మాటకు ఆయన చెప్పుకున్న అర్థం అది. మందు పగిలితేనే పడ్డట్టు. వాగు ఇసకలో ముందు చక్రం దిగబడి, ఆయన హాండిలు మీదుగా ఎగిరి అవతల కూర్చున్నప్పుడూ మేము పడలేదు. ఎద్దు తరుముకొస్తే వెంకటసుబ్బయ్య అనే ఆసామి కందిచేనులోకి దూరి, ఒళ్ళంతా కందికొమ్మలతో రెండో వైపు బయటపడ్డప్పుడూ పడలేదు. కట్టె పట్టుకొచ్చిన వెంకటసుబ్బయ్య కూడా ఆ అవతారం చూసి, కొట్టే ఆలోచన మానుకుని, ఇంట్లో పిల్లకు జ్వరమని రెండు మాత్రలు అడిగి తీసుకుపోయాడు.

ఇంత గడ్డుదారిలోనూ నున్నటి బాట ఉన్నది గొల్లవాగుపల్లెలో ఒక్కచోటే. ఊరి వీధి అరమైలు పొడవునా అరుగులా ఉండేది. సరిగ్గా దానికి ముందు, వాగు దగ్గరే గిద్యోను ఇంజను ఆపేసేవాడు. అక్కడ మాలకొండయ్య అనే రైతు బండి కట్టుకుని సిద్ధంగా ఉండేవాడు.

ఆ ఎక్కించడం ఒక పెద్ద తతంగం. పెట్రోలు గొట్టం మూసెయ్యాలి. బండికి రెండు చెక్కలు వాలుగా ఆనించి ముగ్గురం కలిసి నెట్టాలి. చక్రాల కింద వరిగడ్డి, ముందు చక్రానికి అటూ ఇటూ రాళ్ళు, హాండిలుకు చెరోవైపు మోకు. ముళ్ళు పదకొండు. పది వేస్తే ఒప్పుకునేవాడు కాదు. తర్వాత నన్ను ఊపి చూడమనేవాడు. నేను ఊపితే చాలదు, మాలకొండయ్యా ఊపాలి. అన్నీ అయ్యాక పైన బొంత కప్పేవాడు. ఊరు దాటి కొండ మలుపు తిరిగాక అంతా విప్పి మళ్ళీ కిందికి దించేవాళ్ళం. నడిపితే రెండు నిమిషాలు పట్టే చోట మాకు గంట పట్టేది.

ఎందుకన్నా ఇదంతా అని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండేది. ముళ్ళబాటలో మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడట, మంచిబాటలో మైమరిచి ప్రాణం పోగొట్టుకుంటాడట. నేను ఈ మాట మార్కాపురం హోటల్లో ఆయన గొంతుతోనే చెప్పి జనాన్ని నవ్వించేవాణ్ణి. ఆయన అటుగా పోతూ విని, తనూ నవ్వి, వెళ్ళిపోయేవాడు.

ఒక మంగళవారం ఆయనకే చలిజ్వరం పట్టుకుంది. పల్లెల్లో మాత్రలకు ఎదురుచూస్తుంటారు, ఆగడానికి లేదు. నాకు నడపడం కొంత వచ్చు గనక నన్ను పొమ్మన్నాడు. దుప్పటిలోంచి చెయ్యి చాపి నా చొక్కా పట్టుకుని, వాగు దగ్గర బండెక్కించడం మరవొద్దని మూడుసార్లు చెప్పాడు. అట్లనేలే అన్నాను.

వాగు దగ్గర మాలకొండయ్య మోకులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఆగలేదు. ఆయన వెనకనుంచి ఏదో కేకేస్తున్నాడు. చెయ్యి ఊపి ఊళ్ళోకి పోనిచ్చాను. ఆ వీధిలో మోటారు సైకిలు ఎంత హాయిగా నడిచిందో చెప్పలేను. ఊరంతా చూడాలని హారన్ కూడా కొట్టాను.

చివరింట్లోంచి ఒక ముసలామె పరుగెత్తుకొచ్చింది. చేతులకు పిండి, తల మీద కొంగు లేదు. దడి కంప తగిలి చీర చిరిగినా ఆగలేదు. నేను బ్రేకు వేశాను. ఆమె దగ్గరికొచ్చి నా మొగం చూసింది. హాండిలు పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"గిద్యోనుకు జరమొచ్చిందా నాయనా?"

"నీకెట్ల తెలుసు పెద్దమ్మా?"

"ఆయప్ప బాగుంటే ఈ బండి మా ఊళ్ళో మోగదు గదా."

ఆమె పేరు ఎలీషబా. అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చి చెప్పింది. కొడుకు ఏసురత్నం మిలిటరీలో మోటారు సైకిలు మీద ఉత్తరాలు మోసేవాడు. బర్మా పోయే ముందు, ఒక అధికారిని బతిమాలుకుని, ఇట్లాంటి బండి మీదనే ఇంటికి వచ్చి పోయాడు. తర్వాత, యుద్ధంలో కనబడకుండా పోయాడని కాగితం వచ్చింది.

"వాడు కాదని నాకు తెలుసు నాయనా. కాళ్ళకు తెలీదు. మోత వినబడితే అవే లేసి ఉరుకుతాయి. గిద్యోను మొదటిసారి వచ్చిన దినం ఇట్లనే ఉరికినా. ఆయప్ప నన్ను చూసి ఎంత బెదిరిపోయినాడో. నేనే నీళ్ళిచ్చి కూర్చోబెట్టినా. మళ్ళీ వారం నుంచి ఎద్దుల బండిమీద, బొంత కప్పి తెస్తున్నాడు."

ఆమె నవ్వింది.

"ఏంది నాయనా అది అంటే, ఆసుపత్రి సామాను అంటాడు. పెట్రోలు వాసన బొంతకు ఆగుతుందా? నాకు తెలుసని చెప్పబాక. అంత కష్టపడి దాస్తున్నాడు, చిన్నబుచ్చుకుంటాడు."

ఆ మోటారు సైకిలును కొండ మలుపు దాకా నెట్టుకుంటూ పోయాను. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మలుపు దగ్గర మాలకొండయ్య బండి ఉంది. అసలు కారణం ఆయనకు మొదటినుంచీ తెలుసు, ఎవరితోనూ అనొద్దని గిద్యోను ఒట్టు వేయించుకున్నాడట. ఇద్దరం కలిసి మోకులు బిగించాం.

మర్నాడు గిద్యోను మంచంలోంచే అడిగాడు, బండెక్కించావా అని. ఎక్కించానన్నాను. ముళ్ళెన్ని అన్నాడు. పదకొండన్నాను. ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు. నిజం చెప్పి తప్పు ఒప్పుకోవాలని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. చెపితే ఎలీషబా చెప్పొద్దన్న మాట దాటినట్టవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి నాకు ధైర్యం లేదు. హోటల్లో మాత్రం ఆ కథ మళ్ళీ చెప్పలేదు.

తర్వాతి మంగళవారం ముగ్గురం బండి వెంట నడుస్తున్నాం. ఎలీషబా మజ్జిగ చెంబుతో వాకిట్లోనే నిలబడి ఉంది. బొంతకేసి చూసి గిద్యోనును అడిగింది.

"సామాను ఈసారి శానా బరువున్నట్టుందే?"

"అవునమ్మా. కొత్త బీరువా" అన్నాడు గిద్యోను. చెమట కారిపోతోంది పాపం.

"బీరువాకు చక్రాలున్నట్టున్నాయే?"

"కొత్తరకం అమ్మా."

ఆమె మా అందరికీ మజ్జిగ పోసి, నా మొగం వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. మలుపు తిరిగాక గిద్యోను నా భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అసలు సంగతంతా మొదటిసారి నాకు చెప్పాడు. నేను తెలియనట్టే విన్నాను. చివర్లో ఆయన ఎంతో సంబరంగా అన్నాడు:

"చూసినావా తమ్ముడూ, ఇన్నాళ్ళయినా ఆమెకు రవంత అనుమానం రాలేదు."

"రాలేదన్నా" అన్నాను.