గోడకెక్కిన ఇంటిగుట్టు

నా చిన్నప్పుడు మాదన్నపేటలో పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే బస్తీ పిల్లలందరికీ పండుగ, నాకొక్కదానికే దిగులు. బారాత్ బాజా చెవిన పడగానే తక్కిన పిల్లలు వీధిలోకి ఉరికేవాళ్లు. నేను మాత్రం ఇంటికి పరుగెత్తుకొచ్చి, తలుపు దగ్గరికేసి, మెట్టు మీద కూర్చునేదాన్ని. ఎవరైనా వస్తే మా బాపు ఇంట్లో లేడని చెప్పేదాన్ని. బాపు ఇంట్లోనే ఉండేవాడు. నవారు మంచం కింద ఉండేవాడు.

మా బాపు ఫౌజులో పనిచేసి వచ్చినవాడు. బంగ్లాదేశ్ యుద్ధం చూసి, సర్వీసు ముగించుకుని, కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడు. నిటారుగా నడిచేవాడు. మీసం దువ్వనిదే గడప దాటేవాడు కాదు. ఆయనకు వచ్చిన పతకాన్ని అమ్మ దేవుడి గూట్లో పెట్టింది. ఆ పతకాన్ని అడ్డం పెట్టుకుని బడిలో నేనెన్ని కోతలు కోశానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మా బాపు ఒక్కడే శత్రువుల దండును తరిమాడన్నాను. తూటా చెవి పక్కనుంచి పోయినా కన్ను ఆర్పలేదన్నాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మాను. అలాంటి మనిషి బారాత్‌లో పటాకులు మోగగానే ఒళ్లంతా చెమటలు పట్టి మంచం కిందికి దూరుతుంటే నాకు తల కొట్టేసినట్టయ్యేది.

మా అమ్మ ఇంకా వింత. ఆయన్ను బయటికి రమ్మనేది కాదు, ధైర్యం చెప్పేది కాదు. కొంగు నడుముకు చెక్కి తానూ ఆ మంచం కిందికే దూరేది. అందుకోసమే బాపు ట్రంకు పెట్టెను మంచం కింద పెట్టనిచ్చేది కాదు. అది నడింట్లో అందరి కాళ్లకూ తగులుతూ ఉండేది.

కూరగాయల మార్కెట్ వెనక సందులో చిన్న పఠనమందిరం ఒకటి ఉండేది. దాన్ని చూసుకునే సారు రిటైరైన తెలుగు పంతులు. బస్తీవాళ్లు రాసిన కాగితాలను గోడకు అతికించి దానికి గోడపత్రిక అని పేరు పెట్టాడు. ఒక ఏడు పంద్రాగస్టుకు ఆయన, మా చుట్టుపక్కల ఫౌజు నుంచి వచ్చినవాళ్లూ వాళ్ల ఇంటి ఆడవాళ్లూ తమ సంగతులు తామే రాయాలన్నాడు. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది, కాబట్టి మా ఇంట్లో కలం ఆమె పట్టింది. బాపు పక్కన కూర్చుని చెప్పేవాడు. ఇద్దరూ నవ్వుకుంటూ రాస్తుంటే చూసి, పతకం సంగతే రాస్తున్నారని నేను మురిసిపోయాను.

పంద్రాగస్టు నాడు బడిలో జెండా ఎగరేయడం అయ్యాక స్నేహితురాళ్లను వెంటేసుకుని పఠనమందిరానికి పోయాను. వాళ్లు చెప్పులు విడుస్తుండగానే నేను లోపలికి ఉరికి, అమ్మ అక్షరాలు గుర్తుపట్టి చదవడం మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి మంచం సంగతి కనబడింది. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. మా అమ్మ మా గుట్టుకు మైదా జిగురు పూసి మరీ గోడకెక్కించింది! ఏం చేయాలో తోచక గిర్రున తిరిగి ఆ కాగితానికి వీపు ఆనించి నిలబడ్డాను.

స్నేహితురాళ్లు వచ్చి ఏదీ, ఏదీ అన్నారు. ఇంకా పెట్టలేదన్నాను. సారు వచ్చి జరగమన్నాడు. కడుపులో నొప్పి అన్నాను. కడుపు నొస్తే గోడకెందుకు అతుక్కున్నావని ఆయనంటే అందరూ నవ్వారు. సరిగ్గా అప్పుడే బాపు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీద పతకం పెట్టుకున్నాడు. వెనకాలే అమ్మ.

బాపు నా మొహం చూశాడు. నా వీపు వెనక ఏ కాగితం ఉందో చూశాడు. ఆయన జరగమని ఉంటే నేను జరిగి, అటునుంచి అటే పారిపోయేదాన్ని. ఆయన జరగమనలేదు.

"నాకు తెలుగు సక్కగ సదువొస్తదా బిడ్డా? ఫౌజుల హిందీ నేర్పిన్రు. నువ్వు సదువు, అందరం ఇంటం," అన్నాడు.

ఇక తప్పలేదు. చదివాను. యుద్ధం వార్తల కోసం రేడియో దగ్గర కూర్చుని అమ్మ అన్నం మాడబెట్టిన సంగతి వచ్చింది. చెప్పాపెట్టకుండా సెలవు మీద వచ్చి తలుపు కొట్టిన బాపును దొంగనుకుని ఆమె రోకలి ఎత్తిన సంగతి వచ్చింది. జనం పగలబడి నవ్వుతుంటే నా గొంతుకు బలం వచ్చింది. ఆ తర్వాత మంచం సంగతి. ఊపిరి పీల్చుకుని దాన్ని దాటేసి, కింది వాక్యం అందుకున్నాను. ఎవరికీ తెలియదనుకున్నాను. కూడబలుక్కుని చదివే బాపుకు అసలే తెలియదనుకున్నాను.

"ఆగు బిడ్డా," అన్నాడు బాపు. "నడుమల జర ఇడిచిపెట్టినవ్."

నేను తల ఎత్తలేదు. ఆయనే జనం వైపు తిరిగి, గేటు దగ్గర డ్యూటీలో నిలబడ్డట్టు నిలబడి, కాగితం వైపు చూడకుండా అమ్మ మాటల్ని అమ్మ మాటలుగానే చెప్పాడు.

"బారాత్‌ల పటాకులు మోగితే మా ఇంటాయన మంచం కిందికి పోతడు. నేను గూడ పోయి పక్కన పండుకుంట. సప్పుడు ఆగినంక ఇద్దరం బయటికొచ్చి చాయ్ తాగుతం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ మాత్రం కొంగు కూడా సర్దుకోకుండా బాపు వైపే చూస్తూ నిలబడింది. అప్పుడు మా సందు చివర సైకిల్ దుకాణం పెట్టుకున్న భాయ్ ముందుకొచ్చాడు. ఆయనా ఫౌజులో లారీ నడిపి వచ్చినవాడే. బాపు భుజం మీద చెయ్యి వేసి, "హమారా భీ యహీచ్ హాల్ హై భాయ్. మై బోలా నై, బస్," అన్నాడు. తన గతీ అదేనని, ఇన్నాళ్లూ బయటపెట్టలేదంతేనని.

ఇంటికి నడిచి వస్తుంటే ఏడుపు ఆగలేదు. బాపు తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలా దూరం వచ్చాక, "భయమైతే అయింది, నాకేం షరం లేదు బిడ్డా. నీకెందుకే?" అన్నాడు. దెప్పడానికి అన్న మాట కాదది, నిజంగానే తెలియక అడిగాడు. సిగ్గుపడాల్సింది ఆయన మంచం కింద ఉన్నందుకు కాదని, ఆయన అక్కడ వణుకుతుంటే నేను బయట కూర్చుని ఆయన ఇంట్లో లేడని చెప్పినందుకని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత వచ్చిన మొదటి బారాత్‌కు నేను మెట్టు మీద కూర్చోలేదు. లోపలికి పోయి మంచం దగ్గర వంగి చూశాను. అమ్మ ఏమీ అనకుండా కొంచెం అటు జరిగింది. కింద నేల చల్లగా ఉంది. బాపు చెయ్యి మాత్రం కాలిపోతోంది. బాజా సందు దాటేదాకా పట్టుకునే ఉన్నాను. ఆ రోజు చాయ్ మూడు గ్లాసుల్లో పోసింది అమ్మ.

ఇప్పుడు ఆ పతకం మా ఇంట్లో ఉంది. అది చూసి మనవలు అడిగినప్పుడల్లా నేను ముందు మంచం సంగతి చెప్పి, ఆ తర్వాతే పతకం సంగతికి వస్తాను. బాపు నిలబడ్డట్టే నిలబడి, ఆ రోజు ఆయన చెప్పిన మాటలే చెప్తాను. ఇంత వయసొచ్చినా, మంచం అనే మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. అప్పుడు సిగ్గుపడి, ఆగి, మళ్లీ మొదటి నుంచి గట్టిగా చెప్తాను.