లద్దె పడేదాకా

ఒక గుర్రానికి బాగాలేదంటే ఈ ఉదయం కల్వకుర్తి దగ్గరి గుర్రాల పాకకు వెళ్లాను. కాలు పెట్టగానే పక్క గుర్రాల వెచ్చని లద్దె వాసన గుప్పుమంది. నా వెంట వచ్చిన కొత్త డాక్టరమ్మాయి ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. నవ్వితే నవ్వండి, ఆ వాసన తగిలితే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ అలవాటు నాకు అంటగట్టినవాడు ఎల్లయ్య, నా మొదటి ఉద్యోగంలో పశువుల దవాఖాన అటెండర్.

తెలంగాణ వచ్చిన కొత్తలో పశువుల డాక్టరుగా ఉద్యోగంలో చేరాను. అప్పటి నా తలపొగరు ఇంతా అంతా కాదు. ఏ పశువు వచ్చినా ముందుగా ఎల్లయ్యే దాని డొక్కకు చెవి ఆనించేవాడు. "నా మెడలో స్టెతస్కోపు ఎందుకుందయ్యా?" అని కసిరితే, "మీది మీరు పెట్టుర్రి మేడం. నాది నా చెవి, యాడ పారేసుకోను?" అనేవాడు. ఒళ్లు మండేది.

ఒక పెళ్లిళ్ల సీజన్‌లో జంగయ్య అనే ఆయన తన తెల్ల గుర్రం రాణిని నడిపించుకొచ్చాడు. పెళ్లికొడుకును ఊరేగించే బరాత్‌లకు తిప్పే గుర్రం. ఆ ఇంటి బతుకంతా దాని వీపు మీదే. బరాత్ కదిలే ముందు పెళ్లికొడుకు అక్కచెల్లెళ్లు గుర్రానికి నానబెట్టిన శనగపప్పు తినిపిస్తారు. ముందు రోజు రెండు బరాత్‌లు. శుభమా అని పెడుతుంటే జంగయ్య ఎవరినీ వద్దనలేకపోయాడు. రాణి నేలను గిట్టలతో గీరుతూ, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటూ చెమటలు కక్కుతోంది. కడుపునొప్పి. గుర్రాలు వాంతి చేసుకోలేవు. తిన్నది కిందికి పోవాలి, లేదంటే ప్రాణమే పోతుంది.

నొప్పి తగ్గే సూది వేశాను. కాసేపటికి రాణి నెమ్మదించి గడ్డి వైపు మూతి చాచింది. "తగ్గింది, తీసుకుపో" అని చేతులు కడుక్కున్నాను. సాయంత్రం మరో బరాత్ ఉందని జంగయ్య కళ్లెం అందుకున్నాడు. ఎల్లయ్య గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"నొప్పి తగ్గింది గని కడుపు కదలలే మేడం. లద్దె ఏయలే. జర చెవి పెట్టి ఇనుర్రి."

"డాక్టర్ నేనా, నువ్వా?"

"మీరే. గందుకే మిమ్మల్ని ఇనమంటున్న."

మండిపోతూనే స్టెతస్కోపు ఆనించాను. గుర్రం కడుపు గుడగుడలాడుతూ ఉండాలి. రాణి కడుపులో చప్పుడే లేదు. నా సూది నొప్పిని దాచింది, అంతే. పంపించి ఉంటే పెళ్లికొడుకును మోస్తూ దారిలోనే కూలిపోయేది.

ఆ బరాత్‌కు రాణి వెళ్లలేదు. ముక్కులోంచి గొట్టం దించి, కడుపులోకే చేరిందని రెండుసార్లు చూసుకుని, పారఫిన్ నూనె పోశాను. సెలైన్లు ఎక్కించాం. తర్వాత ఎల్లయ్య దాన్ని మెల్లగా నడిపిస్తూ, "ఎయ్యవే బిడ్డా, జర మా మేడం ఇజ్జత్ కాపాడు" అని బతిమాలుతుంటే అంత భయంలోనూ నవ్వొచ్చింది. పొద్దుగూకే వేళకు తోక లేచింది. ఎల్లయ్య ఆ లద్దెను దోసిట్లో పట్టుకుని ప్రసాదంలా తెచ్చి చూపించాడు. జంగయ్య ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు!

రిటైరయ్యాక ఎల్లయ్యకు పేగు ఆపరేషన్ అయింది. మహబూబ్‌నగర్ దవాఖానకు చూడబోయాను.

"నొప్పి లేదు మేడం, మంచిగున్న" అన్నాడు.

"నొప్పి సంగతి ఎవరడిగిన్రు?" అని, వార్డంతా చూస్తుండగా వంగి, కట్టు తగలకుండా ఆయన పొట్టకు చెవి ఆనించాను. సన్నగా గుడగుడమంది.

"ఇనొస్తున్నదా మేడం?"

"ఇనొస్తున్నదయ్యా."

కళ్లు మూసుకుని నవ్వాడు. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఆయనంటే నాకెంత ఇష్టమో ఏనాడూ నోటితో చెప్పలేదు.

ఈ ఉదయం కొత్త డాక్టరమ్మాయి సూది వేసి సంచి సర్దుకుంది. "నొప్పి తగ్గిపోయింది మేడం, వెళ్దామా?" అంది. నేను పాకలో ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"లద్దె పడనియ్యి. గీలోపు జర చెవి పెట్టి ఇను" అన్నాను.