గీత దగ్గర వినిపించిన చప్పుడు

దయ్యం ఉందని నాతో వాదించి గెలిచినవాడు మా ప్రొద్దుటూరులో లేడు. మీసాలు మొలవని వయసు నుంచీ హేతువాద సభల్లో మాట్లాడినవాణ్ణి. అరచేతిలో కర్పూరం వెలిగించడం, నిమ్మకాయ కోస్తే రక్తం కారడం, ఇవన్నీ నడివీధిలో చేసి చూపించి, వెంటనే ఆ కిటుకు విప్పి చెప్పినవాణ్ణి. పూనకం వచ్చిన ప్రతి స్త్రీ వెనకా ఆమె మాట వినని ఒక ఇల్లు ఉంటుందని వ్యాసాలు రాశాను. వాటిలో ఒక్క వాక్యాన్నీ ఈరోజు వెనక్కి తీసుకోను. కింద రాసేదాన్ని ఎవరైనా దయ్యానికి రుజువుగా పట్టుకొస్తే వాళ్ళతోనూ వాదిస్తాను. కానీ జరిగింది దాచను. తనకు నచ్చని సాక్ష్యాన్ని దాచేవాడికి ఇతరుల మూఢత్వాన్ని ప్రశ్నించే హక్కు లేదు.

కువైట్ సిటీలోని మిర్కాబ్‌లో, ఒక పాత భవనం కింది అంతస్తులో నేను పనిచేసే ప్రింటింగ్ షాపు. పరిశోధకులు తెచ్చే సిద్ధాంత గ్రంథాలనూ పోస్టర్లనూ అచ్చుకు సిద్ధం చేయడం నా పని. వాటిలో డీఎన్ఏ, ప్రొటీన్ వరుసలంత కష్టమైనవి ఇంకేవీ లేవు. పేజీ నిండా అక్షరాలే, ఒక్క మాట ఉండదు. ఒక చేప ప్రొటీన్ కింద మరో చేపది, దాని కింద ఇంకోటి పేరుస్తారు. పై నుంచి కిందికి ఒకే అక్షరం వస్తే ఆ గడులకు నల్లరంగు వేస్తాం. ఏదైనా చేపకు ఒక అక్షరం తక్కువైతే ఆ చోట చిన్న అడ్డగీత పెడతాం. ఆ గీత జారిపోయిందంటే, తర్వాతి అక్షరాలన్నీ ఒక గడి పక్కకు జరుగుతాయి. పేజీ చూడడానికి అందంగానే ఉంటుంది. చెప్పేదంతా అబద్ధం.

ఇలాంటి పేజీలను సరిచూడడానికి ఇద్దరు కావాలి. నాకు తోడు బైండింగ్ పని చేసే గంగాధర్. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పెద్ద, గంగన్న అనేవాణ్ణి. కస్టమర్ ఇచ్చిన అసలు ప్రతిని అతను పైకి చదివేవాడు. నేను నా ప్రూఫులో ఒక్కో అక్షరం మీదా పెన్సిల్ పెట్టుకుంటూ పోయేవాణ్ణి. గీత వస్తే నోటితో చెప్పకుండా, వేలికున్న రాగి ఉంగరంతో బల్ల మీద ఒకసారి తట్టేవాడు. రెండు గీతలుంటే రెండుసార్లు. నోరు అలిసిపోకుండా అతను పెట్టుకున్న పద్ధతి అది.

"తమ్మీ, దయ్యాల్లేవంటవ్ గదా. మరి గీ గీత కాడ ఏమున్నదో చెప్పు జర," అన్నాడొకసారి.

"ఏం లేదన్నా. అక్షరం లేదని చెప్పేదానికే ఆ గీత."

"లేనిదానికి గింత జాగ ఎందుకిడిచిన్రు?"

"ఇడవకపోతే పక్కనోళ్ళొచ్చి కూచుంటారు గదన్నా."

"అగో! మా ఇంట్ల గూడ గట్లనే. నేనిటు రాంగనే నా మంచం మీద మా బామ్మర్ది పండుకుంటుండట!" అని పడీపడీ నవ్వాడు.

నిరుడు చలికాలంలో గంగన్న నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. ఊరికి పంపే పెట్టె మూసే ముందు నేను దగ్గరే ఉన్నాను. ఉంగరం వేలికే ఉంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఉంగరం షాపులోనే ఎక్కడో ఉండిపోయిందేమో అని తర్వాత నన్ను అడిగినవాళ్ళున్నారు. లేదు. అది అతనితోపాటే విమానమెక్కింది.

అతను పోయాక ఒక పోస్టరు పాడైంది. నేను వాడిన ఫాంటు అచ్చు మెషీను దగ్గరి కంప్యూటర్‌లో లేదు. అది తనకు తోచిన ఫాంటు పెట్టుకుంది. అందులో కొన్ని అక్షరాలు సన్నం, కొన్ని వెడల్పు. నిలువు వరుసలన్నీ కూలిపోయాయి. గోడకు ఎక్కించాక గానీ ఎవరూ చూడలేదు. మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి, "ఔర్ ఏక్ గల్తీ, ఖలాస్. ఇఖామా నై," అన్నాడు. ఇంకో తప్పు జరిగితే అంతేనట. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, గడువు దగ్గరపడింది. అది రెన్యూవల్ కాకపోతే నేను దేశం విడిచిపోవాలి. ఊళ్ళో నా జీతం మీద నడిచే ఇల్లుంది.

ఆ తర్వాత వచ్చిన పెద్ద పని ఒక ఈజిప్షియన్ పరిశోధకురాలి సిద్ధాంత గ్రంథం. చేపల ప్రొటీన్లు. వరుసలను ఆమే వర్డ్ ఫైలులోకి ఎక్కించి పంపింది. సరిచూసుకోవడానికి అసలు ప్రతిని కవరులో పెట్టి, అంటించి ఇచ్చింది.

మండు వేసవిలో మధ్యాహ్నం షాపు మూసి సాయంత్రం తెరుస్తాం. అందరూ గదులకు పోతారు. ఆ ఎండలో బస్సు కోసం నిలబడి, గదికి వెళ్ళి, నిద్రపోతున్నవాళ్ళ మధ్య నేనేం చేయాలి? షట్టరు సగం దించి లోపలే ఉండిపోతాను. ఆ వేళల్లో నా గొంతు నేను వినేది ఈ అక్షరాలు చదివేటప్పుడే. ఒంటరిగా సరిచూడడానికి నాదొక పద్ధతి. ముందు నా ప్రూఫును పైకి చదివి ఫోనులో రికార్డు చేస్తాను. తర్వాత అసలు ప్రతి ముందు పెట్టుకుని వింటాను. గీత వస్తే గంగన్నలాగే బల్ల తడతాను, పెన్సిల్‌తో.

ఆరోజు సాయంత్రమే గ్రంథం అచ్చుకు వెళ్ళాలి. ఫోను రికార్డులో పెట్టి ప్రూఫు చదువుతున్నాను. ఒక వరుస మధ్యలో గీత వచ్చింది. తట్టాను. ఎదురుగా, గంగన్న కూర్చునే వైపు నుంచి, ఇంకో చప్పుడు వచ్చింది. పెన్సిల్‌ది కాదు. లోహం చెక్కను తాకిన చప్పుడు.

ఏసీ ఆపాను. బైండింగ్ యంత్రం స్విచ్చి చూశాను, ఆఫ్‌లోనే ఉంది. మెట్లెక్కి చూశాను, పై ఆఫీసుకు తాళం. వేడికి చెక్క పగిలిందేమోనని బల్లంతా నొక్కి చూశాను. మళ్ళీ కూర్చుని ఆ వరుసను మొదటి నుంచి చదివాను. దారిలో వేరే గీత వచ్చింది. తట్టాను, ఏమీ లేదు. ఆ గీత దగ్గరికి వచ్చాను. తట్టాను. అవతలి నుంచి మళ్ళీ ఒకటి.

భయమేసింది. అప్పుడు కవరు చించాను. అసలు ప్రతిలో ఆ చోట గీతలు రెండు.

తప్పు ఎలా జరిగిందో కనుక్కోవడం కష్టం కాలేదు. పక్కపక్కన రెండు చిన్న గీతలు టైపు చేస్తే వర్డ్ ఒక్కోసారి వాటిని కలిపి ఒక్క పొడుగు గీత చేస్తుంది. మేం వాడే ఫాంటులో ఆ పొడుగు గీతకూ ఒక్క గడే. వరుస ఒక గడి కురచైతే, ఆమె చివర ఇంకో గీత చేర్చి కుడి అంచు సరిచేసింది. పైగా ఆ భాగంలో ఒక చేప అక్షరాలు ఇంకోదానితో కలవవు, తేడా పట్టిచ్చే నల్లగడులు లేవు. సరిదిద్దాను. సాయంత్రం ముదీర్ పేజీలు తిప్పి "జైన్", బాగుంది, అన్నాడు. నా ఇఖామా రెన్యూవల్ అయింది.

ఆ రాత్రి గదిలో రికార్డు విన్నాను. నా గొంతుంది. నా పెన్సిల్ చప్పుడుంది. ఆ తర్వాత నిశ్శబ్దం, నేను కుర్చీ జరిపిన రాపిడి. రెండో చప్పుడు లేదు.

అంటే అది నా తలలో పుట్టింది. హేతువాదిగా నాకు సంతోషం కలగాలి. కానీ ఆ తల అసలు ప్రతిని అప్పటిదాకా చూడలేదు. గీత రవ్వంత పొడుగ్గా ఉండడం నా కన్ను నాకు తెలియకుండానే పట్టిందనొచ్చు. నా దగ్గరున్న వివరణల్లో మెరుగైనది అదే. కానీ ఆ పేజీని నేను వారం పైగా దిద్దాను. అన్ని రోజులూ కన్ను ఎందుకు ఊరుకుంది?

పరీక్ష పెట్టాను. మా షాపు డ్రైవర్ రమణది రాయచోటి. నాకు చెప్పకుండా ఏదో ఒక పేజీలో ఒక గీత తీసేయమన్నాను.

"ఏం సామీ, ఇంగ గీతలు గూడా దొంగతనం చెయ్యమంటావా?" అన్నాడు. అయినా చేశాడు.

అదే బల్ల, అదే వేళ, ఏసీ ఆపి చదివాను. ఏమీ వినిపించలేదు. మళ్ళీ తీయమన్నాను. మళ్ళీ ఏమీ లేదు. పరీక్షకు అన్నిసార్లు అక్కర్లేదని నాకు తెలుసు. రమణ విసుక్కునేదాకా మానలేదు.

దయ్యాలు లేవు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మాత్రం ఇప్పటికీ నేను చెప్పలేను. ఇప్పుడూ ఒంటరిగానే సరిచూస్తాను. కానీ గీత వస్తే నేను తట్టడం మానేశాను. అక్కడ ఆగి, ఒక తట్టుకు సరిపోయేంత జాగా వదిలి, తర్వాతి అక్షరం చదువుతాను.