ఎవరి ఒడిలో

కాకినాడ నుంచి వచ్చి వారమైంది, సరిగా నిద్ర లేదు. పాప చెవులు కుట్టించడానికి మేడ్చల్‌లో శామీర్‌పేట బస్సెక్కాను గానీ, పార్లర్లో కుట్టే గన్నుతోనా, కంసాలి చేత బంగారు తీగతోనా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

పక్కనున్న ముస్లిం పెద్దావిడకు చెవుల అంచంతా వెండి రింగులే. "మామ్మగారూ, పాప చెవులు కుట్టించాలి. గన్నా, తీగా, దేనికి నొప్పి తక్కువండీ?"

"ఏదైనా పిల్ల ఒర్లి ఏడుస్తది బిడ్డా. తీగ మంచిగుంటది. గని నువ్వు పట్టుకోకు. మా ఇంట్ల తల్లిని బయట నిలబెడ్తం. ఏడ్సినంక ఎత్తుకోను ఒకరుండాలె గద."

మాకు మేనమామ ఒడిలో కుట్టించడం ఆచారం. నాకు అన్నదమ్ములు లేరని చెప్పాను.

ఆవిడ నవ్వింది. "గింతేనా పరేషాన్? నడువు, పిల్లను ఒళ్లె పెట్టుకొని నేను కూసుంట."

కంసాలి కొట్టు బయట చెవులు మూసుకుని నిలబడ్డాను. అయినా పాప కేక వినపడింది. వెంటనే ఆవిడ పిలిచింది.

"ఇగ రా తల్లీ, నీ పని షురూ."